చందా ఇచ్చినవాళ్ల పేర్లు

దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. ఇస్త్రీ రోలరులోంచి వేడివేడిగా బయటికొచ్చిన దుప్పటిని ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పట్టుకుని ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలపాలి. ఆ ఉతుకుల కార్ఖానాలో యంత్రాల హోరుకి పక్కమనిషి అరిచినా వినబడదు. మాట వినబడేది ఆ మూలలు కలిసినప్పుడే. అందుకని అక్కడ కబుర్లన్నీ దుప్పటికొక ముక్క చొప్పున నడిచేవి.

"నోటీసు చూశావా?" అన్నాడు మావయ్య. ఆయన ఎవరికీ సొంత మావయ్య కాదు. రోలరు దగ్గర ఇరవయ్యేళ్లుగా ఉన్నాడు కాబట్టి అందరికీ మావయ్యే.

"ఏం నోటీసు?" అంది మడతలక్క తరువాతి దుప్పటికి.

"మీ పెద్దమ్మ వాళ్ల పార్టీ గురించి. కొత్త చట్టం ప్రకారం చందా ఇచ్చినవాళ్ల పేర్లన్నీ ఎన్నికల కార్యాలయం బోర్డు మీద అంటిస్తారట."

నాలుగో దుప్పటి మడతలక్క చేతిలోంచి జారి నేలమీద పడింది. ఆసుపత్రి దుప్పటి నేలమీద పడితే మళ్లీ మొదట్నుంచి ఉతకాలి. పదకొండేళ్ల పనిలో ఆమె చేతిలోంచి దుప్పటి జారడం అదే మొదలు.

"వేడిగా ఉందా?" అన్నాడు మావయ్య.

"ఆఁ, వేడిగా ఉంది," అంది.

గోడవారన సూదావిడ తలెత్తి చూసింది. చిరిగిన దుప్పట్లకు కుట్లు వేస్తూ పొద్దస్తమానం ఆ మూల బల్ల దగ్గరే కూర్చునే ముసలావిడ ఆమె. కార్ఖానా యజమానికి కన్నతల్లి. డబ్బుకు లోటు లేదు, ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. అయినా రోజూ వచ్చి కుడుతుంది, ఎవరితోనూ మాట్లాడదు. ఊరికే ఎందుకొస్తుంది, ఎవరేం మాట్లాడుకుంటున్నారో కొడుక్కి చేరవెయ్యడానికే అని పనివాళ్లంతా గట్టిగా నమ్మారు. ఎదురుగా అమ్మగారూ అనేవాళ్లు, వెనక సూదావిడ అనేవాళ్లు.

ఆ చూపుకి మడతలక్క ముఖం కనబడకుండా వంగి దుప్పటి ఏరుకుంది. ఎందుకంటే ఆ చందా ఇచ్చినవాళ్లలో ఆమె కూడా ఉంది.

ఎనిమిది గంటల పార్టీ అంటే ఊళ్లో అందరికీ నవ్వులాట. దాని అసలు పేరు బారెడు పొడుగుంటుంది, సభ్యులకే సరిగ్గా గుర్తుండదు. రోజుకి ఎనిమిది గంటలే పని చేయించాలి, అంతకు మించితే వేరే కూలి ఇవ్వాలి అన్నదొక్కటే వాళ్లు అడిగేది. నిలబడ్డ ప్రతి ఎన్నికలోనూ డిపాజిట్ పోగొట్టుకున్నారు. కార్యాలయం అంటూ వేరే ఏమీ లేదు. మడతలక్క పెద్దమ్మ గడియారాలు బాగుచేసే కొట్టే దాని కార్యాలయం, పెద్దమ్మే దాని కోశాధికారి. ఇద్దరు లోపలికెళితే మూడోవాళ్లు వీధిలో నిలబడాల్సిన కొట్టు అది.

చందా ఇచ్చే పద్ధతి కూడా ఆ కొట్టుకి తగ్గట్టే ఉండేది. శుభ్రంగా నడుస్తున్న గడియారాన్ని పట్టుకొచ్చి, ఆగిపోయిందమ్మా అని చెప్పి, దాంతోపాటు చందా పెట్టేవాళ్లు. పెద్దమ్మ కంటికి భూతద్దం తగిలించుకుని, గడియారం మూత తీసి, చూసి, ఓ చీటీ కట్టేది. వీధిలో పోయేవాళ్లకి అది బేరమే. చీటీ మీద అంకె మాత్రం ఉంటుంది. ఆ అంకె ఎదురుగా పేరు, ఇల్లు, పని చేసే చోటు పెద్దమ్మ తన పుస్తకంలో పొల్లుపోకుండా రాసుకునేది. మడతలక్క అయితే సొంత మనిషి కాబట్టి గడియారం లేకుండానే ఇచ్చింది. కానీ పుస్తకంలో మాత్రం అందరిలాగే ఎక్కింది.

ఆ సాయంత్రం పని దిగగానే కూతుర్ని బడి నుంచి తీసుకుని నేరుగా కొట్టుకి వెళ్లింది. అప్పటికే పార్టీ వకీలు అక్కడున్నాడు. రూపాయి తీసుకోకుండా వాదించే కుర్ర వకీలు. పొడుగు మనిషి, ఆ కొట్టులో తల వంచుకునే నిలబడాలి. అందుకని మడతలక్క గుమ్మం బయటే ఆగింది. పిల్ల మాత్రం వాళ్ల కాళ్ల సందునుంచి లోపలికి దూరింది.

"నా పేరు కొట్టెయ్ పెద్దమ్మా," అంది ముందూ వెనకా లేకుండా.

పెద్దమ్మ భూతద్దం తియ్యకుండానే తలెత్తింది. "కొట్టేస్తే గీత కింద నీ పేరు కనబడదా? పైగా చివరి పేజీలో ఇదంతా నిజం అని నేను సంతకం పెట్టాలి."

"మరి అయ్యగారికి తెలిస్తే?"

"ఏమవుతుందో నాకు తెలీదనుకున్నావా?"

అందరికీ తెలిసిందే. కార్ఖానా యజమాని పాలక పార్టీకి ఊరి కార్యదర్శి. ఎనిమిది గంటల పార్టీ పేరెత్తితే ఆయనకి ఒళ్లు మండుతుంది. మడతలక్క ఉంటున్న గది కూడా కార్ఖానాదే, పైఅంతస్తులో చివరిది. పని పోతే గదీ పోతుంది. దానికి తోడు ఆరు నెలల కిందట ఆయన ఓసారి నవ్వుతూ, "మీ పెద్దమ్మ పిచ్చి నీకు అంటుకోలేదు కదా?" అని అడిగితే, ఈమె లేదన్నట్టు తలూపింది. ఇప్పుడు జాబితా బయటికొస్తే చందా ఒక తప్పు, ఆ తలూపుడు రెండో తప్పు.

"అసలు ఈ చట్టం తెచ్చినవాళ్ల చేతులు పడిపోను," అంది.

వకీలు నవ్వాడు. "అలా అనకక్కా. మీ పెద్దమ్మ చేతులు కూడా ఉన్నాయి అందులో."

అది నిజం. మూడేళ్ల కిందట, పార్టీలకు డబ్బెవరిస్తున్నారో జనానికి చెప్పాలని ఎండలో నిలబడి అడిగినవాళ్లు ఎనిమిది గంటల పార్టీవాళ్లే. పెద్దమ్మ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకుని మరీ నిలబడింది.

"అడిగాం. ఇప్పుడూ అదే అంటా," అంది పెద్దమ్మ. "చాటుగా మూటలు అందుకునే పెద్దవాళ్లని బయటికి లాగాలనే అడిగాం. ఆ వలలో చిన్నచేపలం మనమే ముందు పడతామని ఎవరనుకున్నారు?"

"ఆ వలకి ఓ కన్నం ఉందిలెండి," అన్నాడు వకీలు. చేతిలోని కాగితం చూపించి చెప్పాడు. పార్టీ చిన్నదై ఉండి, పేర్లు బయటపడితే చందా ఇచ్చినవాళ్లకి హాని జరుగుతుందని నమ్మకం కలిగించగలిగితే, ఆ పేర్లు సీలు వేసిన కవర్లో ఎన్నికల కార్యాలయంలోనే ఉంటాయి. అధికారులు సరిచూసుకుంటారు తప్ప ఇంకెవరికీ చూపించరు. బోర్డు మీద మొత్తం ఒక్కటే అంటిస్తారు. "వచ్చే గురువారం విచారణ. కాకపోతే ఎవరైనా ఒకరు వచ్చి, ఇదిగో నాకు ఈ భయం ఉంది, ఇందుకుంది అని అందరి ముందూ చెప్పాలి."

మడతలక్క గుమ్మంలోకి వంగింది. "అంటే పేర్లు దాచమని అడగడానికి ఒకరు పేరు బయట పెట్టుకోవాలా?"

"అంతే."

"ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం కాదక్కా, సెక్షను," అని వకీలు ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టు కూతుర్ని బయటికి పిలిచి, దాని జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

"దాని వంక చూడకు," అంది పెద్దమ్మ మెల్లగా. "ఆ పిల్లని పెట్టుకుని ఎక్కడికి పోతుంది? నా కొట్టులో గోడ గడియారాలకే చోటు లేదు."

"ఇంకెవరున్నారు పెద్దమ్మా పుస్తకంలో?" అని అడిగింది మడతలక్క.

"నీ పేరు ఎవరికైనా చెప్పానా?"

"లేదు."

"మరి వాళ్ల పేర్లు నీకెందుకు?"

గురువారం దాకా మడతలక్క ప్రాణం ప్రాణంలో లేదు. పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎన్నికల కార్యాలయం మెట్లు ఎక్కలేదు, తీసుకెళ్లాలి, పూట సెలవు కావాలి అని అడగడానికి మూడుసార్లు యజమాని గది దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చింది.

"వెళ్లు, వెళ్లు," అన్నాడాయన. "నేనూ వస్తున్నా. అభ్యంతరం చెప్పడానికి. మీ పెద్దమ్మ తమాషా ఎలా ముగుస్తుందో నువ్వు కూడా చూద్దువుగాని."

వస్తూ ఉంటే మూల బల్ల దగ్గర్నుంచి సూదావిడ పిలిచింది. "ఎన్నింటికి విచారణ?"

"పదకొండింటికి అమ్మగారూ."

"ఊఁ," అంది సూదావిడ, దారం కొరుకుతూ. ఇంకేం అనలేదు. సరే, తల్లీ కొడుకులిద్దరూ వస్తారన్నమాట అనుకుని మడతలక్క నీరుగారిపోయింది.

విచారణ గది పెద్దదేం కాదు. ఒక బల్ల, దాని వెనక ఓ ఇనప బీరువా, ఎదురుగా నాలుగు బెంచీలు. పైన ఫ్యాను తిరిగినంతసేపూ కాగితాల మీద ఏదో ఒక బరువు పెట్టాల్సి వస్తోంది. అధికారిణి నడివయసు మనిషి. కళ్లద్దాలు జుట్టు మీదికి తోసుకుని, మళ్లీ వాటికోసమే బల్లంతా వెతుక్కుంటోంది. గుమాస్తా చెప్పాక నవ్వకుండా దించుకుంది. ఎవరి వైపు మొగ్గేదీ ఆ ముఖం చూసి చెప్పలేం.

పెద్దమ్మ ముందు బెంచీ మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన మడతలక్క. వెనక బెంచీ మీద సూదావిడ, కొడుకు కారులోనే వచ్చింది. చేతిసంచీలోంచి చిరిగిన దిండుగలీబు తీసి అక్కడ కూడా కుడుతోంది.

యజమాని చక్కగా మాట్లాడాడు. ఆయన మాటకారి అని అందరికీ తెలుసు. "మా పార్టీకి ఎవరిచ్చారో బోర్డు మీద ఉంది మేడమ్. నా పేరే మొదట ఉంది. మేము చూపించినప్పుడు వీళ్లెందుకు చూపించరు? ఏం దాస్తున్నారు? చట్టం అడిగింది కూడా వీళ్లేనాయె. నా కార్ఖానాలో అరవై మంది ఉన్నారు. అందరూ నా పిల్లల్లాంటివాళ్లు. ఎవరు ఎవరికి చందా ఇచ్చుకుంటే నాకెందుకు? భయం, భయం అంటారు. ఏదీ, భయపడే మనిషిని ఒక్కరిని చూపించమనండి."

మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మడతలక్కకి కూడా ఒక్క క్షణం అది నిజమేననిపించింది.

వకీలు లేచి హాని గురించి చెప్పాడు. డ్రయ్యరు దగ్గర పనిచేసే కుర్రాణ్ని పోయినేడు ఉన్నట్టుండి తీసేశారన్నాడు.

"రోజూ ఆలస్యంగా వచ్చేవాడు," అన్నాడు యజమాని. "హాజరు పుస్తకం తెప్పించమంటారా?"

ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడని అధికారిణి అడిగింది. పని వెతుక్కుంటూ ఊరు దాటి వెళ్లాడు, జాడ తెలియలేదన్నాడు వకీలు.

"కోశాధికారి గారూ, మీరు చెప్పండి. భయపడేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఈ పుస్తకంలో?"

"ఉన్నారండీ."

"ఎవరు?"

"అది చెప్పకూడదనే కదండీ వచ్చింది."

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. అధికారిణి కలం పక్కన పెట్టింది. "చూడండమ్మా, భయం ఉందని కాగితం మీద ఎవరైనా రాసిస్తారు. నాకు మనిషి కావాలి. ఒక్కరు చాలు. ఎవరూ లేకపోతే నేను చేసేదేమీ లేదు. జాబితా రేపు బోర్డు మీద ఉంటుంది."

మడతలక్కకి చెవుల్లో హోరు మొదలైంది. లేవాలి అనుకుంది. లేచి, భయం నాకుంది అనాలి. రెండు ముక్కలు. దుప్పటికి ఒకటి చొప్పున రెండు దుప్పట్లంత సేపు పట్టదు. గది గుర్తొచ్చింది, కిటికీలో ఆరేసిన కూతురి బడి బట్టలు గుర్తొచ్చాయి. ఆమె లేవలేకపోయింది. పెద్దమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. లేవమనో వద్దనో తెలియలేదు.

"నా పేరు రాసుకో అమ్మా," అని వెనక నుంచి వినబడింది.

అందరూ తిరిగి చూశారు. సూదావిడ సూదిని మెడ దగ్గర కొంగుకి గుచ్చుకుని, గలీబు మడిచి పక్కన పెట్టి, బెంచీ పట్టుకుని లేచింది.

"అమ్మా, నువ్వు కూర్చో," అన్నాడు యజమాని.

"పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నా."

"మీరెవరండీ?" అని అడిగింది అధికారిణి.

"వీడి తల్లిని. ఆ గడియారాలావిడ పుస్తకంలో రెండేళ్లుగా ఉన్నా. మా హాల్లో గోడ గడియారం నిక్షేపంలా నడుస్తుంది. నెలకోసారి ఆగిపోయిందని చెప్పి పట్టుకెళ్తా."

యజమాని ముఖంలో రంగు మారింది. "ఆ గడియారం ఏళ్ల తరబడి బాగుచేయిస్తున్నావేంటని అడిగితే పాతది అన్నావు."

"పాతదే. నడవదని నీతో నేననలేదే."

"అసలు వాళ్లకెందుకిచ్చావమ్మా?"

"నువ్వు పుట్టకముందు రోజుకి పధ్నాలుగు గంటలు ఊరి బట్టలు ఉతికా కాబట్టి. నువ్వు పుట్టాక కూడా." ముసలావిడ అధికారిణి వైపు తిరిగింది. "భయపడే మనిషి కావాలన్నావు కదమ్మా. నేనే. వీడిని నేను కన్నాను, కార్ఖానాకి మొదటి యంత్రం నా గాజులమ్మి కొన్నాను. అట్లాంటి నేనే వీడికి తెలియకూడదని దాచుకున్నా. ఇక వాడి చేతి కింద పనిచేసేవాళ్ల సంగతి నువ్వే ఆలోచించు."

"ఇంట్లో మాట్లాడుకుందాం అమ్మా."

"ఇంట్లో ఎక్కడ వింటావు? అన్నం తింటూ కూడా ఫోను చూస్తావు. ఆ డ్రయ్యరు కుర్రాడి సంగతి ఫోను చూస్తూనే చెప్పావు నాకు. ఆలస్యమని కాదు. ఉతకడానికి వేసిన వాడి చొక్కా జేబులో ఈ పార్టీ కాగితం దొరికిందని."

అధికారిణి మళ్లీ కలం అందుకుంది.

"నిజమేనా?" అంది అధికారిణి.

యజమాని వకీలు వైపు చూశాడు, బీరువా వైపు చూశాడు, తల్లి వైపు మాత్రం చూడలేదు. "జేబులు వెతకడం నియమం అండీ. కలాలుంటే బట్టలు పాడవుతాయి," అన్నాడు.

"కలం దొరికిందా, కాగితం దొరికిందా?"

"...కాగితం."

అధికారిణి రాసుకుంది. రాయడం పూర్తయ్యాక ముసలావిడని అడిగింది. "మీ వాంగ్మూలం అందరికీ తెలిసిపోతుంది. మీకు ఇబ్బంది లేదు కదా?"

"నాకేం ఇబ్బంది? తల్లిని పనిలోంచి తీసెయ్యడానికి ఇంకా చట్టం రాలేదుగా."

ఈసారి గుమాస్తా ఆపుకోలేకపోయాడు.

ఉత్తర్వు అరగంటలో వచ్చింది. ఎనిమిది గంటల పార్టీకి చందా ఇచ్చినవాళ్ల పేర్లు జనానికి చూపించకూడదు. మొత్తం మాత్రం బోర్డు మీద ఉంటుంది. పెద్దమ్మ పుస్తకంలోని పేర్ల నకలు కవర్లో పెట్టి, అందరి ముందూ లక్క కరిగించి, ముద్ర వేశారు. గుమాస్తా దాన్ని బీరువా పైఅరలో పెట్టి తాళం తిప్పాడు. ఆ తాళం తిరిగిన చప్పుడు మడతలక్క ఒళ్లంతా విన్నది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆమె కాళ్లు ఇక నడవనన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మే ఆమెని పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

"ఎవరిని ఎవరు తీసుకొచ్చారో అర్థం కావట్లేదు," అన్నాడు వకీలు, టీ తెప్పిస్తూ.

మడతలక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూంటే ఏడుపొచ్చింది, మళ్లీ నవ్వొచ్చింది. వారం రోజుల నుంచి గొంతు దిగని అన్నం ఇప్పుడు గుర్తుకొచ్చి ఆకలేసింది. టీలో ముంచుకుని రెండు బన్నులు తింది. మూడోది కూతురికని అంది గానీ అది కూడా తనే తినేసింది.

"ఆవిడ చందా ఇస్తుందని నీకు తెలుసు కదా పెద్దమ్మా?"

"తెలుసు."

"ముందే చెప్పొచ్చు కదా, మేం చచ్చిపోకుండా."

"ఎట్లా చెప్తానే? ఆవిడ పేరు ఆవిడది. ఆవిడే చెప్పుకోవాలి. నేను చెబితే నాకూ ఆ బోర్డుకీ తేడా ఏముంది?" అని పెద్దమ్మ టీ ఊదుకుంటూ తాగింది.

మర్నాడు పొద్దున్నే మడతలక్క పనికి వెళ్లేసరికి కార్ఖానా అంతటికీ సంగతి తెలిసిపోయింది. మావయ్య మొదటి దుప్పటికే, "సూదావిడ మనలో మనిషట," అన్నాడు. రెండో దుప్పటికి, "పదేళ్ల నుంచి ఆవిడ ముందు నోరు మూసుకుని చచ్చాం కదే," అన్నాడు. మూడో దుప్పటికి సూదావిడ అన్న పేరు ఇక అనకూడదేమో అన్నాడు.

సూదావిడ రోజులాగే తన బల్ల దగ్గర ఉంది. టీ వేళకి మడతలక్క ధైర్యం తెచ్చుకుని దగ్గరికి వెళ్లింది. పదకొండేళ్లలో తనంతట తాను వెళ్లడం అదే మొదటిసారి.

"అమ్మగారూ, నిన్న... నేను అక్కడే ఉన్నాను. లేవాల్సింది నేను. నేను కూడా..."

"ఆగు," అంది ముసలావిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "నేనేమైనా అడిగానా?"

"లేదు, కానీ..."

"అడగనిది చెప్పకు. సీలు వేసి బీరువాలో పెట్టించాం. మళ్లీ నువ్వే ఇక్కడ విప్పుతావా?"

మడతలక్క నేల చూపులు చూసింది. "సిగ్గుగా ఉందమ్మగారూ."

"ఉంటే ఉండనియ్. నీ బిడ్డకి తలమీద కప్పు ఉంది కదా, సిగ్గు దాని కింద కూర్చుని పడొచ్చు." ముసలావిడ నవ్వింది. ఆవిడకి ముందు పన్ను ఒకటి లేదని అప్పుడే తెలిసింది. "వాడు నిన్న రాత్రి ఫోను పక్కన పెట్టి అన్నం తిన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదనుకో. అయినా ఫోను పక్కన పెట్టాడు. వెళ్లు, రోలరు ఆపి నీకోసం చూస్తున్నాడు మీ మావయ్య."

మధ్యాహ్నం యజమాని పనిచేసే చోటికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క యంత్రం దగ్గరా ఆగి, ఒక్కొక్కరి ముఖంలోకీ చూసుకుంటూ నడిచాడు. అరవై ముఖాలు. ఎవరి ముఖంలో ఏముందో ఆయనకి తెలియలేదు, ఇక తెలిసే దారి కూడా లేదు. మడతలక్క దగ్గరికొచ్చి ఆగాడు. ఆమె చేతిలోని దుప్పటి ఈసారి జారలేదు.

"ఏంటది?" అన్నాడు.

"ఏదండీ?"

"ఆ తువ్వాళ్ల కట్ట తలుపు దగ్గర పెట్టావేంటి? వచ్చేపోయేవాళ్ల దుమ్మంతా దాని మీదే పడుతోంది. ఇన్నేళ్లొచ్చాయి, ఇంకా చెప్పాలా నీకు?"

"తీసేస్తానండీ," అంది.

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మడతలక్క తువ్వాళ్ల కట్టని గుండెలకి హత్తుకుని లోపలి అర దాకా మోసుకెళ్లింది. పదకొండేళ్లలో తిన్న తిట్లలో ఇంత కమ్మగా ఉన్నది ఇంకొకటి లేదు.